రసాయన క్షయకరణంతో బంగారు నానో కణాల తయారీ

బంగారు లవణం కరిగిన నీటిలో ఎలక్ట్రాన్లు ఇవ్వగల పదార్థాన్ని కలిపితే బంగారం తిరిగి లోహమవుతుంది. ఆ లోహం ముద్దకట్టి అడుక్కు చేరకముందే, అతి సూక్ష్మమైన కణాల దశలోనే దాన్ని నిలిపివేయడాన్ని రసాయన క్షయకరణ పద్ధతి అంటారు. ఇలా వచ్చే కణాల వ్యాసం మామూలుగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉంటుంది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. ఈ కణాలున్న నీటిలో నగల పసుపుపచ్చ మెరుపు కనిపించదు. నీరు కెంపులా ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది.

బంగారు నానో కణాలను చేయడానికి వేరే దారులూ ఉన్నాయి. నీటిలో ముంచిన బంగారు రేకు మీద లేజరు కొట్టి కణాలను ఊడగొట్టవచ్చు, శూన్యంలో లోహాన్ని ఆవిరి చేసి చల్లార్చవచ్చు. అయినా ప్రయోగశాలల్లోనూ పరిశ్రమలోనూ ఎక్కువగా వాడుకలో ఉన్నది క్షయకరణమే. ఒక ఫ్లాస్కు, ఒక హాట్‌ప్లేటు, శుభ్రమైన నీరు ఉంటే పని మొదలవుతుంది. అయితే బంగారాన్ని లోహంగా మార్చడం ఇందులో సులువైన సగం మాత్రమే. ఎన్ని కణాలు పుట్టాలి, ఏ పరిమాణంలో ఆగాలి, ఆగిన కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా ఎలా ఉండాలి అన్నవే అసలు ప్రశ్నలు. నూట అరవై ఏళ్లకు పైబడిన ఈ రంగం చరిత్ర చాలావరకు ఈ మూడింటి చుట్టూ తిరిగింది.

ముడిసరుకు

దాదాపు అన్ని పద్ధతులకూ మొదటి పదార్థం క్లోరారిక్ ఆమ్లం. మూడు వంతుల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఒక వంతు గాఢ నైట్రిక్ ఆమ్లం కలిపితే వచ్చే ద్రవరాజంలో బంగారం కరిగి ఈ రూపంలోకి వస్తుంది. ఇందులో ప్రతి బంగారు అయాను చుట్టూ నాలుగు క్లోరైడ్‌లు ఉంటాయి, బంగారం మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన స్థితిలో ఉంటుంది. 1940లో జర్మన్ సైన్యం కోపెన్‌హేగన్‌లోకి వచ్చినప్పుడు నీల్స్ బోర్ సంస్థలో దాచి ఉంచిన మాక్స్ ఫాన్ లావే, జేమ్స్ ఫ్రాంక్‌ల నోబెల్ పతకాలను జార్జ్ డి హెవెషీ ఇదే ద్రవరాజంలో కరిగించి సీసాను అలమరలో పెట్టేశాడు. యుద్ధం ముగిశాక ద్రావణం నుంచి బంగారాన్ని తిరిగి రాబట్టి స్టాక్‌హోమ్ పంపితే, దానితో మళ్లీ పతకాలు పోతపోశారు. కరిగిన బంగారం ఎంత తేలిగ్గా లోహంగా తిరిగి వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

ఆ తేలికకు కారణం బంగారం ప్రమాణ విద్యుత్ పొటెన్షియల్‌లో ఉంది. క్లోరైడ్‌లతో కూడిన బంగారు అయాను లోహమయ్యే చర్యకు ఆ విలువ సుమారు +1.0 వోల్టు. ఎలక్ట్రాన్లు ఇవ్వగల పదార్థం ఏది తగిలినా అది వాటిని లాక్కుంటుంది. అందుకే ఈ లవణాన్ని తూచేటప్పుడు స్టీలు చెంచా వాడరు. చెంచా అంచున నిమిషాల్లో గోధుమరంగు పూత కనిపిస్తుంది, అది లోహంగా మారిన బంగారమే. ద్రావణం వేలిమీద పడితే మచ్చ ఊదారంగుకు తిరిగి కొన్ని రోజులు ఉండిపోతుంది. ఈ లవణం గాలిలోని తేమను లాగి ముద్దగా మారుతుంది కాబట్టి, సీసా తెరవగానే మొత్తాన్నీ నీటిలో కరిగించి ముదురు రంగు సీసాలో నిల్వ చేసుకోవడం ప్రయోగశాలల్లో అలవాటు.

బంగారాన్ని క్షయకరించే పదార్థాల జాబితా చాలా పెద్దది. భాస్వరం, తగరపు క్లోరైడ్, ఫార్మాల్డిహైడ్, హైడ్రాక్సిలమిన్, సోడియం సిట్రేట్, విటమిన్ సి అయిన ఆస్కార్బిక్ ఆమ్లం, టానిక్ ఆమ్లం, సోడియం బోరోహైడ్రైడ్, చివరికి ఆకుల కషాయం కూడా ఆ పని చేస్తాయి. వాటిలో ఏది ఎంచుకున్నామన్నదాన్ని బట్టి చర్య వేగం, దానితో పాటు కణాల సంఖ్య, పరిమాణం నిర్ణయమవుతాయి.

ఎరుపు ఎక్కడిది

లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతి తరంగం తగలగానే కణం లోపల ఒక్కుమ్మడిగా అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊగిసలాట పౌనఃపున్యం వచ్చే కాంతి పౌనఃపున్యంతో కలిసినచోట శోషణం విపరీతంగా పెరుగుతుంది. దీన్ని ఉపరితల ప్లాస్మాన్ అనునాదం అంటారు. 15 నానోమీటర్ల బంగారు కణాలకు ఇది సుమారు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతిలో వస్తుంది. ఆకుపచ్చ పోగా మిగిలి బయటికి వచ్చే కాంతి మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. ఒక్కో కణం ఈ రంగును శోషించే శక్తి మామూలు రంజకపు అణువు శక్తికి వెయ్యి రెట్లు మించి ఉంటుంది. అందుకే లీటరు నీటిలో 50 మిల్లీగ్రాముల బంగారం ఉన్నా ముదురు ఎరుపు వస్తుంది.

కణం పెద్దదయ్యేకొద్దీ శోషణ శిఖరం పొడవైన తరంగాల వైపు జరుగుతుంది. 100 నానోమీటర్ల కణాలకు అది 570 దరిదాపుల్లో ఉంటుంది, నీరు ఊదాఛాయలో కనిపిస్తుంది, కాంతిని చెదరగొట్టడమూ పెరిగి మసకగా అవుతుంది. రెండు కణాల మధ్య ఎడం వాటి వ్యాసం కంటే బాగా తగ్గితే వాటి ఎలక్ట్రాన్ల ఊగిసలాటలు ఒకదానితో ఒకటి ముడిపడతాయి, ఎరుపు నీలమవుతుంది. సుమారు 2 నానోమీటర్ల కంటే చిన్న గుచ్ఛాల్లో ప్లాస్మాన్ శిఖరమే ఉండదు. అక్కడ బంగారం లోహంలా కాక అణువులా ప్రవర్తిస్తుంది. ఈ కారణాల వల్ల ఫ్లాస్కులోని రంగే ప్రయోగం ఎలా సాగుతోందో చెప్పే మొదటి కొలమానం. స్పెక్ట్రోఫోటోమీటరు దాకా వెళ్లకుండానే, నీలఛాయ చూసి కణాలు అతుక్కున్నాయని చేయి తిరిగినవారు గుర్తుపడతారు.

ఫారడేకు ముందు, తర్వాత

బంగారు కణాల ఎరుపును వాడినవారు దాని స్వభావం తెలియకుండానే శతాబ్దాలు వాడారు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 4వ శతాబ్దపు రోమన్ గాజుపాత్ర లైకర్గస్ కప్పు, బయటి వెలుగులో ఆకుపచ్చగానూ లోపల దీపం పెడితే ఎర్రగానూ కనిపిస్తుంది. అందులో బంగారం, వెండి కలిసిన నానో కణాలున్నాయి. 17వ శతాబ్దంలో జర్మనీలో బంగారు క్లోరైడ్‌ను తగరపు క్లోరైడ్‌తో క్షయకరించి చేసిన కాసియస్ ఊదా వర్ణకం గాజుకూ పింగాణీకీ కెంపురంగు ఇచ్చింది. రసాయన క్షయకరణంతో చేసిన నానో బంగారానికి పరిశ్రమలో దొరికిన తొలి వాడుక అదే అనుకోవచ్చు. మన ఆయుర్వేదంలోని స్వర్ణభస్మాన్ని కూడా ఈ వరసలో చేర్చేవారున్నారు. స్వర్ణభస్మంలోనూ అతి సూక్ష్మమైన బంగారు కణాలు ఉంటాయి గాని, దాన్ని పదేపదే పుటం పెట్టి చేస్తారు, ద్రావణంలో క్షయకరించి కాదు. రెండింటినీ ఒకటిగా చెప్పడం సరికాదు.

శాస్త్రంగా ఈ విషయం 1857లో మొదలైంది. మైకేల్ ఫారడే ఆ ఏడాది రాయల్ సొసైటీలో ఇచ్చిన బేకరియన్ ఉపన్యాసం బంగారానికీ కాంతికీ ఉన్న సంబంధం మీద. బంగారు క్లోరైడ్ పలుచని ద్రావణానికి కార్బన్ డైసల్ఫైడ్‌లో కరిగించిన భాస్వరం కలిపితే కెంపురంగు ద్రవం వచ్చింది. అది మామూలు ద్రావణం కాదనీ, లోహ బంగారమే కంటికి కనబడనంత చిన్న తునకలుగా నీటిలో తేలుతోందనీ ఆయన గ్రహించాడు. సన్నని కాంతికిరణాన్ని పంపితే దాని దారి శంకువులా వెలగడం ఆయనకు ఆధారం. ఉప్పు వేస్తే ఎరుపు నీలంగా మారుతుందని, జిలాటిన్ ఉంటే ఆ మార్పు ఆగుతుందని కూడా ఆయన రాశాడు. ఎలక్ట్రాన్ అన్న మాట లేని రోజుల్లో, కణాన్ని చూసే మార్గమేదీ లేకుండా, రంగు మార్పుల్ని మాత్రమే పట్టుకుని ఇంతవరకూ ఊహించడం అసాధారణం. ఆయన స్వయంగా చేసిన నమూనాలు కొన్ని లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

ఆ తర్వాతి పెద్ద అడుగు రిచర్డ్ జిగ్మండీది. యేనాలోని షాట్ గాజు కర్మాగారంలో పనిచేస్తూ రంగు గాజుల మీద ఆసక్తి పెంచుకున్న ఈ ఆస్ట్రియా రసాయనవేత్త, ఫార్మాల్డిహైడ్‌తో బంగారు కొల్లాయిడ్‌లు, అంటే బంగారు కణాలు తేలే ద్రవాలు, చేశాడు. హెన్రీ సీడెన్‌టాఫ్‌తో కలిసి 1903 ప్రాంతంలో అల్ట్రామైక్రోస్కోపు రూపొందించి, ఒక్కో కణం చెదరగొట్టే కాంతిని చుక్కలుగా చూడగలిగాడు. కాసియస్ ఊదా అంటే బంగారం, తగరపు ఆక్సైడ్ కొల్లాయిడ్‌ల మిశ్రమమేనని తేల్చింది కూడా ఆయనే. 1925 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ ఆయనకు దక్కింది. ఇంటర్మీడియట్ విద్యార్థులు కొల్లాయిడ్‌ల పాఠంలో చదివే స్వర్ణ సంఖ్య ఆయన పెట్టిన కొలమానమే. పది మిల్లీలీటర్ల ఎర్రని బంగారు కొల్లాయిడ్‌కు ఒక మిల్లీలీటరు 10 శాతం ఉప్పునీరు కలిపినా రంగు మారకుండా కాపాడటానికి జిలాటిన్ లాంటి రక్షక పదార్థం కనీసం ఎన్ని మిల్లీగ్రాములు కావాలో అది చెబుతుంది. 1908లో గుస్టావ్ మీ బంగారు గోళాల శోషణ, పరిక్షేపణాలను మాక్స్‌వెల్ సమీకరణాలతో లెక్కగట్టి రంగుకు గణిత వివరణ ఇచ్చాడు.

మరిగే నీళ్లలో సిట్రేట్

నేడు నానో బంగారం అనగానే రసాయనవేత్తకు మొదట గుర్తుకొచ్చేది టర్కెవిచ్ పద్ధతి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ టర్కెవిచ్, పీటర్ స్టీవెన్‌సన్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నిర్మాతల్లో ఒకడైన జేమ్స్ హిలియర్ 1951లో దీన్ని ప్రకటించారు. సిట్రేట్ వాడకం వారి కంటే ముందే ఉంది. వారు చేసిన మేలు ఏమిటంటే, అప్పటికి తెలిసిన బంగారు కొల్లాయిడ్ పద్ధతుల్ని వరసగా తీసుకుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కణాల్ని కొలిచి, ఏ పద్ధతిలో పరిమాణాలు ఎంత ఒకేలా వస్తాయో పోల్చి చూడటం. సిట్రేట్‌తో సుమారు 20 నానోమీటర్ల గుండ్రని కణాలు, ఒకదానికొకటి బాగా దగ్గరి పరిమాణంలో వచ్చాయి.

ప్రయోగం ఇలా నడుస్తుంది. ముందురోజే ఫ్లాస్కును, అయస్కాంతపు కలుపుడు కడ్డీని ద్రవరాజంతో కడిగి, అతి శుద్ధమైన నీటితో మళ్లీమళ్లీ తొలుస్తారు. గాజుకు అంటిన పాత బంగారం ఏ కాస్త మిగిలినా దాని మీదే కొత్త లోహం పెరిగి లెక్క తప్పుతుంది. 0.01 శాతం క్లోరారిక్ ఆమ్లపు ద్రావణం 100 మిల్లీలీటర్లు తీసుకుని, పైన చల్లార్చే గొట్టం బిగించి, జోరుగా కలుపుతూ మరిగిస్తారు. లేత నిమ్మపండు రంగులో ఉన్న ద్రవం తెర్లుతుండగా 1 శాతం సోడియం సిట్రేట్ 2 మిల్లీలీటర్లు ఒక్కసారిగా పోస్తారు. పసుపు మాయమై నీరు తేటపడుతుంది. అర నిమిషం గడవకముందే బూడిద కలిసిన నీలం పుట్టి, చిక్కబడి, దాదాపు నల్లగా కనిపిస్తుంది. మొదటిసారి చూసేవారు ఇక్కడే ప్రయోగం పాడైందనుకుంటారు. మరో నిమిషంలోపే ఊదా తొంగిచూసి, ఆ ఊదాలోంచి ఎరుపు విచ్చుకుంటుంది. మరో పది పదిహేను నిమిషాలు మరగనిచ్చి, గది వేడికి చల్లారనిస్తారు.

ఆ 100 మిల్లీలీటర్లలో ఉన్న బంగారం సుమారు 5 మిల్లీగ్రాములు. కణాలు 15 నానోమీటర్లవనుకుంటే ఒక్కోదాంట్లో దాదాపు లక్ష బంగారు పరమాణువులుంటాయి, మొత్తం కణాలు 140 లక్షల కోట్ల దాకా తేలతాయి. ఒక గ్రాము బంగారాన్ని ఇలా మారిస్తే దాని ఉపరితలం 20 చదరపు మీటర్లు దాటుతుంది.

కణాల పరిమాణాన్ని మన చేతిలోకి తెచ్చింది నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ పరిశోధనశాలకు చెందిన ఖెర్ట్ ఫ్రెన్స్. 1973లో ఆయన బంగారం మొత్తాన్ని అలాగే ఉంచి సిట్రేట్ మాత్రం మార్చాడు. 50 మిల్లీలీటర్ల బంగారు ద్రావణానికి 1 మిల్లీలీటరు సిట్రేట్ పోస్తే సుమారు 16 నానోమీటర్ల కణాలు, అర మిల్లీలీటరుకు 41, 0.16 మిల్లీలీటరుకు 147 వచ్చాయి. దీని వెనకున్న తర్కం సులువే. బూంది అంతే ఉన్నప్పుడు ఎక్కువ లడ్డూలు చుడితే ఒక్కోటీ చిన్నదవుతుంది. సిట్రేట్ ఎక్కువైతే మొదట్లో పుట్టే బీజాల (ఆపై పెరిగే తొలి సూక్ష్మ కణాల) సంఖ్య పెరుగుతుంది, ఉన్న బంగారాన్ని అవన్నీ పంచుకుంటాయి. అయితే 30 నానోమీటర్లు దాటాక కణాలు కోలగా, ఒకదానికొకటి పొంతన లేకుండా రావడం మొదలవుతుంది. ఫ్రెన్స్ పట్టిక చూసి 100 నానోమీటర్ల కణాలు చక్కగా వస్తాయని ఆశించడం పొరపాటు.

ఇంత సాదాగా కనిపించే ఈ చర్య లోపలి కథ తేలడానికి అర్ధ శతాబ్దం పైన పట్టింది. సిట్రేట్ తాను ఆక్సీకరణం చెంది, కార్బన్ డయాక్సైడ్ వదిలి, డైకార్బాక్సీ ఎసిటోన్ అవుతుంది. ఈ క్రమంలో మూడు ఎలక్ట్రాన్లు తక్కువున్న బంగారానికి రెండు అందుతాయి. అలా ఏర్పడిన ఒక్క ఎలక్ట్రాన్ లోటున్న బంగారు అయాన్లు తమలో తామే పంచుకుని, మూడింట రెండు లోహమై, ఒకటి తిరిగి మొదటి స్థితికి పోతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కెమికల్ ఇంజనీర్లు సంజీవ్ కుమార్, కె.ఎస్. గాంధీ, ఆర్. కుమార్ 2007లో ఈ చర్యకు గణిత నమూనా కడుతూ, మధ్యలో పుట్టే డైకార్బాక్సీ ఎసిటోన్ బంగారు అయాన్లను ఒకచోట చేర్చి బీజాలు పుట్టడానికి దోహదం చేస్తుందన్న భావనను ఆధారం చేసుకున్నారు. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధన సిట్రేట్‌కు మరో పాత్ర ఉందని చూపింది. అది క్షార స్వభావం గలది కాబట్టి ద్రావణం పీహెచ్‌ను పెంచుతుంది. పీహెచ్ పెరిగితే బంగారం చుట్టూ ఉన్న క్లోరైడ్‌ల స్థానంలో హైడ్రాక్సైడ్‌లు వచ్చి చేరి, అయాను చురుకుదనం తగ్గుతుంది. అంటే సిట్రేట్ ఎలక్ట్రాన్లిస్తుంది, పీహెచ్‌ను దిద్దుతుంది, పుట్టిన కణాలకు అంటుకుని రుణావేశపు కవచం కడుతుంది. మూడు పనులూ ఒకే పదార్థానివి కావడంతో ఒకదాన్ని మార్చితే మిగతా రెండూ మారిపోతాయి. పద్ధతి చేయడానికి సులువుగా, అర్థం చేసుకోవడానికి కష్టంగా ఉండటానికి కారణం ఇదే.

కలిపే వరస తిరగేస్తే ఏమవుతుంది? 2011లో అదే బెంగళూరు సంస్థలో శివరామన్, సంజీవ్ కుమార్, వేణుగోపాల్ సంతానం మరిగే సిట్రేట్‌లోకి బంగారు లవణాన్ని పోశారు. చురుకైన, ఆమ్లత గల బంగారం తాజాగా సిట్రేట్‌ను తాకడంతో బీజాలు ఒక్కసారిగా ఎక్కువ పుట్టి, 10 నానోమీటర్ల కంటే చిన్న, ఒకే తీరైన కణాలు వచ్చాయి. పదార్థాలు అవే, పాళ్లు అవే, పోసే క్రమం ఒక్కటే వేరు.

మధ్యలో వచ్చే ఆ నల్లని నీలపు దశ మీద వాదన చాలాకాలం నడిచింది. కణాలు గొలుసుల్లా అల్లుకుని తర్వాత విడిపోతాయన్నది ఒక వివరణ. బెర్లిన్‌లో యోర్గ్ పోల్టె బృందం 2010లో ఎక్స్‌రే పరిక్షేపణంతో చర్యను నడుస్తుండగానే పరిశీలించి, మొదట చిన్న గుచ్ఛాలు ఏర్పడి కలిసి బీజాలవుతాయని, ఆ తర్వాత కొత్త బీజాలు పుట్టకుండా వాటి మీదే బంగారం పేరుకుంటుందని చూపింది. 2015లో అదే పరిశోధకులు, తుది పరిమాణాన్ని నిర్ణయించేది మొదటి క్షణాల్లో స్థిరపడే బీజాల సంఖ్యేనని మరింత గట్టిగా వాదించారు. 

బీజం వేరు, పెరుగుదల వేరు

1950లో విక్టర్ లామెర్, రాబర్ట్ డినెగార్ గంధకపు కొల్లాయిడ్‌ల గురించి చెప్పిన ఒక ఆలోచన బంగారానికీ ఆధారమైంది. కరిగి ఉండగలిగిన మేరను మించి పదార్థం పోగుపడినప్పుడు ఒక్క పెట్టున బీజాలు పుట్టాలి. ఆ పుట్టుకతో గాఢత పడిపోయి కొత్త బీజాలు ఆగిపోవాలి. తర్వాతంతా పెరుగుదలే కావాలి. ఈ రెండు దశలూ ఎంత స్పష్టంగా విడిపోతే కణాలు అంత ఒకే పరిమాణంలో వస్తాయి. ఆ విడదీతను రసాయనవేత్త తన చేతులతోనే చేస్తే అది బీజ పద్ధతి. ముందు చిన్న కణాలు చేసుకుని, వాటిని వేరే ద్రావణంలో వేసి, మెల్లగా బంగారం అందిస్తారు. బార్సిలోనాలో విక్టర్ పుంటెస్ బృందం 2011లో ఉష్ణోగ్రతను 90 డిగ్రీల సెల్సియస్‌కు దించి, విడతలవారీగా బంగారం చేరుస్తూ, సిట్రేట్ ఒక్కదానితోనే 200 నానోమీటర్ల దాకా గుండ్రని కణాలను పెంచింది. చిన్న కణాలు కావాలంటే సిట్రేట్‌కు టానిక్ ఆమ్లం తోడుచేస్తారు. స్లాట్, ఖ్యూజ్ 1985లో ఇచ్చిన ఆ పద్ధతి 3 నుంచి 17 నానోమీటర్ల శ్రేణికి ఇప్పటికీ నమ్మకమైనది.

బలమైన క్షయకరణి, గట్టి కవచం

1994లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో మథియాస్ బ్రస్ట్, డేవిడ్ షిఫ్రిన్ తదితరులు వేరే దారి పట్టారు. బంగారు లవణాన్ని టెట్రాఆక్టైల్ అమోనియం బ్రోమైడ్ సాయంతో నీటిలోంచి టోలూయిన్‌లోకి లాగారు. అక్కడ గంధకపు కొనగల పొడవైన హైడ్రోకార్బన్ అయిన డోడెకేన్ థయోల్ కలిపి, సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరించారు. బోరోహైడ్రైడ్ చాలా బలమైనది కాబట్టి గది ఉష్ణోగ్రతలోనే ఎలక్ట్రాన్లు వరదలా వచ్చి అసంఖ్యాకంగా బీజాలు పుడతాయి. గంధకానికి బంగారంతో ఉన్న గట్టి బంధం వల్ల థయోల్ వెంటనే వాటిని చుట్టేసి పెరగనివ్వదు. 1 నుంచి 3 నానోమీటర్ల కణాలు వచ్చాయి. అంతకంటే ముఖ్యం, వాటిని ఆరబెట్టి పొడిగా నిల్వ చేసి, కావలసినప్పుడు మళ్లీ కరిగించుకోవచ్చు. సిట్రేట్ కణాలను ఆరబెడితే తిరిగిరాని ముద్ద అవుతాయి. నానో బంగారాన్ని ఒక మామూలు రసాయనంలా సీసాలో దాచుకుని, దాని మీద కర్బన రసాయన చర్యలు చేయడం ఇక్కడి నుంచే మొదలైంది. 2007లో రోజర్ కోర్న్‌బర్గ్ బృందం సరిగ్గా 102 బంగారు పరమాణువులు, 44 థయోల్‌లు ఉన్న గుచ్ఛపు స్ఫటిక నిర్మాణాన్ని విప్పింది. కొల్లాయిడ్‌గా మొదలైన వస్తువు అణుసూత్రం ఉన్న సమ్మేళనం దాకా వచ్చింది.

కడ్డీలు

అన్ని వైపులా సమానంగా పెరిగితే గోళం వస్తుంది. ఒకే వైపు పెరగాలంటే మిగతా వైపులను కప్పాలి. నిఖిల్ జానా, లతా గేర్‌హార్ట్, క్యాథరిన్ మర్ఫీ 2001లో దక్షిణ కెరొలైనాలో ఇది సాధించారు. సీటాబ్ అనే సర్ఫాక్టెంట్ ఉన్న ద్రావణంలో ఆస్కార్బిక్ ఆమ్లం కలిపితే బంగారం సగం దారి మాత్రమే వస్తుంది, నారింజరంగు పోయి ద్రావణం తేటగా మారుతుంది, కాని లోహం కనిపించదు. బోరోహైడ్రైడ్‌తో ముందే చేసిన చిన్న బీజాలను చుక్కలుగా వేసినప్పుడే వాటి ఉపరితలం మీద మిగిలిన క్షయకరణం జరుగుతుంది. 2003లో బాబక్ నిఖూబక్త్, ముస్తఫా ఎల్-సయ్యద్ కాస్త సిల్వర్ నైట్రేట్ చేర్చి పొట్టి కడ్డీల దిగుబడిని బాగా పెంచారు. కడ్డీకి పొడవునా ఒకటి, అడ్డంగా ఒకటి చొప్పున రెండు శోషణ శిఖరాలుంటాయి. పొడవు నిష్పత్తి పెంచేకొద్దీ మొదటిది సమీప పరారుణ కాంతి వైపు జరుగుతుంది. శరీర కణజాలంలోంచి ఎక్కువగా దాటే కాంతి కూడా అదే. ట్యూమర్‌లను లేజరుతో వేడిచేసే పరిశోధనల్లో కడ్డీలు అందుకే వచ్చాయి.

ఈ పద్ధతిని మొదటిసారి చేసినవారిలో చాలామందికి కడ్డీలకు బదులు గోళాలే వచ్చేవి. కారణం తర్వాత దొరికింది. కొన్ని తయారీదారుల సీటాబ్‌లో మిలియన్‌లో కొన్ని పాళ్లుండే అయోడైడ్ మలినం కడ్డీల పెరుగుదలను ఆపేస్తోంది. పైగా 25 డిగ్రీల కంటే చల్లని గదిలో సీటాబ్ స్ఫటికాలుగా విడిపోతుంది. శీతాకాలపు ప్రయోగాలు విఫలమవడానికి అది మరో కారణం. సీటాబ్ జీవకణాలకు హాని చేస్తుంది కాబట్టి వైద్యానికి వాడేముందు దాన్ని కడిగి వేరే కవచం వేయక తప్పదు.

ఆకుల కషాయం

పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందం 2004లో నిమ్మగడ్డి సారంతో బంగారు లవణాన్ని క్షయకరించి, పలుచని త్రిభుజాకారపు పలకలు రాబట్టింది. గది ఉష్ణోగ్రతలో, విషద్రావకాలు లేకుండా వచ్చిన ఆ పలకలు ప్రపంచమంతా ఆసక్తి రేపాయి. వేపాకుతోనూ ఆ బృందం బంగారు, వెండి కణాలు చేసింది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోనూ మొక్కల సారాలతో బంగారు కణాలు చేసి కేన్సర్ కణాల మీద పరీక్షించారు. ఆ తర్వాత ఒక్కో ఆకుకు ఒక్కో పరిశోధన పత్రం చొప్పున వేల పత్రాలు వచ్చాయి. వాటిలో చాలావాటికి విలువ తక్కువే అని చెప్పక తప్పదు. ఆకులో ఏ పదార్థం క్షయకరించింది, ఏది కవచం కట్టింది అన్నది తేల్చకుండా ఎరుపు వచ్చిందని మాత్రమే చూపితే తెలిసినదానికి కొత్తగా చేరేదేమీ లేదు. ఆకు సారం రుతువుతో మారుతుంది, నేలతో మారుతుంది. మొదటి పదార్థమైన బంగారు లవణాన్ని చేయడానికి మళ్లీ గాఢ ఆమ్లాలే కావాలి.

నిలకడ, వాడుక

సిట్రేట్ కణాలు ఒకదాన్నొకటి రుణావేశంతో నెట్టుకుంటూ నిలబడతాయి. నీటిలో ఉప్పు పెరిగితే ఆ వికర్షణ పరిధి కుంచించుకుపోయి, కణాలు తాకేంత దగ్గరికొస్తాయి, ఆకర్షణ గెలిచి అతుక్కుంటాయి. ఈ తూకాన్ని 1940లలో డెర్యాగిన్, లాండౌ, విడిగా వెర్వే, ఓవర్‌బీక్ సిద్ధాంతంగా కట్టారు. రక్తం ఉప్పగా ఉంటుంది కనుక శరీరంలోకి పంపే కణాలకు ఆవేశం చాలదు, పాలిఇథిలీన్ గ్లైకాల్ లాంటి పొడవైన గొలుసులు తొడగాలి. ప్రొటీన్లు కూడా అదే రక్షణ ఇస్తాయి. 1971లో ఫాల్క్, టేలర్ బంగారు కణాలకు యాంటీబాడీలు అంటించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో గుర్తులుగా వాడటానికి దారితీసింది ఈ గుణమే.

ఇంట్లో చేసుకునే గర్భనిర్ధారణ పరీక్షపట్టీ మీద కనిపించే గులాబీ గీత చాలా కిట్‌లలో ఈ బంగారమే. సుమారు 40 నానోమీటర్ల కణాలకు యాంటీబాడీలు అంటించి పట్టీ మొదట్లో ఆరబెడతారు. మూత్రం వాటిని తడిపి ముందుకు తీసుకుపోతుంది. గర్భధారణ హార్మోను ఉంటే గీత ఉన్నచోట అవి చిక్కుకుని పోగుపడి కంటికి కనిపిస్తాయి. మలేరియా, కొవిడ్ ర్యాపిడ్ పరీక్షల్లోనూ ఎక్కువగా ఇదే ఏర్పాటు. 1996లో చాడ్ మిర్కిన్ బృందం డీఎన్ఏ పోగులు తొడిగిన బంగారు కణాలు సరైన జత డీఎన్ఏ దొరికినప్పుడు ఎరుపు నుంచి నీలానికి మారతాయని చూపింది. ఉత్ప్రేరకంగా బంగారానికి పేరు తెచ్చింది జపాన్ శాస్త్రవేత్త మసతకే హరుత. లోహపు ఆక్సైడ్‌ల మీద నిలిపిన 5 నానోమీటర్ల కంటే చిన్న బంగారు కణాలు సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతల్లోనూ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరిస్తాయని 1987లో ఆయన చూపాడు. చెన్నై ఐఐటీలో టి. ప్రదీప్ బృందం వెండి, బంగారు నానో కణాల మీద పురుగుమందుల అవశేషాలు విరిగిపోయే చర్యను పట్టుకుని తాగునీటి ఫిల్టర్‌ల దాకా తెచ్చింది. ఆ ఫిల్టర్‌లలో ఎక్కువగా వెండినే వాడారు.

పెద్ద ఎత్తున చేసేటప్పుడు మళ్లీ పాత చిక్కే ఎదురవుతుంది. 100 మిల్లీలీటర్లలో క్షణంలో కలిసే సిట్రేట్, 20 లీటర్ల పాత్రలో ఒకవైపు ముందు, ఒకవైపు ఆలస్యంగా కలుస్తుంది. బీజాలు వేర్వేరు క్షణాల్లో పుట్టి పరిమాణాలు చెదిరిపోతాయి. సన్నని గొట్టాల్లో రెండు ద్రావణాలను ప్రవాహంగా కలిపే పద్ధతులు ఇందుకే వచ్చాయి. ఒక ప్రయోగశాల కొలతను మరొకటి నమ్మాలంటే ఉమ్మడి కొలబద్ద కావాలి కాబట్టి, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2008లో 10, 30, 60 నానోమీటర్ల బంగారు కొల్లాయిడ్‌లను ప్రామాణిక నమూనాలుగా విడుదల చేసింది. మూడూ సిట్రేట్ కవచం ఉన్నవే. వాటి ధ్రువపత్రంలో ఒక్కో నమూనాకు ఒకటి కాక అనేక వ్యాసాలు ముద్రించి ఉంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లోహపు గోళాన్నే కొలుస్తుంది. కాంతి పరిక్షేపణ యంత్రం దాని చుట్టూ కదిలే నీటి పొరను కూడా కలుపుకుని కొలుస్తుంది.